పందెం చిన్నదైతేనే సేద్యం నిలుస్తుంది
(పి.వి. సతీష్ స్మారక ఉపన్యాసం)



సతీష్ గారి పేరిట మాట్లాడమని అడిగినప్పుడు వెంటనే సరే అనలేకపోయాను. ఆయన పని గురించి మాట్లాడవలసినవాళ్లు, తెల్లవారకముందే పనులు ముగించుకుని జహీరాబాద్ నుంచి బస్సెక్కి వచ్చిన సంఘం అక్కలు, ఇక్కడ ముందు వరసలో కూర్చుని ఉన్నారు. వాళ్లు చేసినవాళ్లు, నేను చూసి రాసినవాణ్ణి. కానీ చేసినవాళ్లకు తమ పనిని లెక్కగట్టి చూపించే తీరిక ఉండదు. ఆ లెక్క ఒకటి ఇవాళ మీ ముందు పెట్టి, అది సరైనదో కాదో వాళ్లనే చెప్పమంటాను.

పెరియపట్న వెంకటసుబ్బయ్య సతీష్ 1945లో మైసూరులో పుట్టారు. పత్రికా రంగంలో చదువుకుని, దూరదర్శన్‌లో సుమారు రెండు దశాబ్దాలు కార్యక్రమాలు తీశారు. 1975–76లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టెలివిజన్ చేర్చిన ప్రయోగంలో పనిచేశారు. 1980ల మొదట్లో మిత్రులతో కలిసి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీని స్థాపించి, ఆనాటి మెదక్ జిల్లా జహీరాబాద్ పక్కన పస్తాపూర్‌లో స్థిరపడ్డారు. మిగతా జీవితమంతా అక్కడే. 2023 మార్చి 19న కన్నుమూశారు. ఐక్యరాజ్య సమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించిన ఏడాది అది.

టెలివిజన్ మనిషి కదా, పల్లెను కెమెరాతో చూపించడం ఆయనకు తెలిసిన విద్య. ఆ కెమెరాను ఊరి దళిత స్త్రీల చేతికి ఇచ్చెయ్యడం ఆయన చేసిన పెద్ద పని. బడి ముఖం చూడని స్త్రీలు తమ చేల మీద, తమ విత్తనాల మీద సినిమాలు తీశారు. 2008 అక్టోబరు 15న మాచనూరులో సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది కూడా ఆ ఊళ్ల ఆడవాళ్లే. చేను గురించి ఎవరు మాట్లాడాలి అన్న విషయంలో ఆయనకు ఎన్నడూ అనుమానం లేదు.

ఇక విషయంలోకి వస్తాను.

1

ముందు కమతం సంగతి. 2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో నూటికి 86 కమతాలు రెండు హెక్టార్ల లోపువి, అంటే ఐదెకరాల లోపువి. వాటి కింద ఉన్న భూమి మాత్రం మొత్తంలో సగానికి తక్కువే, 47 శాతం. తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు, ఆంధ్రప్రదేశ్‌లో 0.94. సగటు అనేది చాలా దాస్తుంది. కాలువ కింద రెండున్నర ఎకరాలూ, ఎర్ర చెలకలో రెండున్నర ఎకరాలూ గణనలో ఒకటే అంకె. నేను మాట్లాడబోయేది రెండో రకం గురించి. బోరు లేనిది, ఉన్నా ఎండాకాలానికి వట్టిపోయేది, మృగశిర కార్తెలో మబ్బు చూసి విత్తుకునేది.

ఈ కమతం గురించి మన దగ్గర రెండు వాదాలు నడుస్తున్నాయి. ఇది గిట్టదు, వదిలేసి వేరే పని చూసుకోవడమే మేలు అని ఒకటి. తాతల నాటి సేద్యానికి తిరిగి వెళితే అన్నీ సర్దుకుంటాయని ఇంకొకటి. మొదటిది సెమినార్లలో వినబడుతుంది, రెండోది నగరంలో ఆదివారం సేంద్రియ సంతల్లో. రెండూ దిగుబడి చుట్టూనే తిరుగుతాయి. ఒకరు తక్కువంటారు, ఒకరు చాలంటారు.

నా వాదం వేరు. వాన తగ్గిన ఏడు మెట్ట రైతుకు పంట తగ్గడం కొత్త కాదు. అతని తాతకూ తగ్గింది. అతను కూలిపోయేది, ఆ చేలో ముందే గుమ్మరించిన డబ్బు అప్పుదైనప్పుడు. విత్తనం, ఎరువు, మందు, కౌలు, ట్రాక్టరు కిరాయి, ఇవన్నీ వాన పడుతుందో లేదో తెలియకముందే పెట్టాలి. ఆ ముందు పెట్టేదాన్ని పందెం అందాం. మా వైపు రైతులు సేద్యాన్ని వానతో జూదం అని చాలాకాలంగా అంటూనే ఉన్నారు, ఆ మాట నా సొంతం కాదు. నేను చేర్చేది ఒక్కటే. జూదం తప్పదు, పందెం మాత్రం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. చిన్న కమతం ఎన్నాళ్లు నిలుస్తుందన్నది, చెడ్డ ఏడు ఆ ఇంటి నుంచి ఎంత పోతుందన్న దాన్నిబట్టి తేలుతుంది.

2

విద్యార్థులు కాగితం తీశారు కాబట్టి ఒక చిన్న లెక్క.

ఎకరం మెట్టలో జొన్న విత్తడానికి మూడు నాలుగు కిలోల గింజలు చాలు. కొర్రకు రెండు కిలోలు. సజ్జకు ఇంకాస్త తక్కువ. అదే ఎకరంలో వేరుశనగ వేయాలంటే యాభై అరవై కిలోల పప్పు కావాలి. ఈ తేడా చూడండి. జొన్న మొలిచి మాడిపోతే ఇంట్లో రెండు రోజుల తిండి గింజలు పోయినట్టు. వేరుశనగ మొలిచి మాడిపోతే ఒక కుటుంబం వేల రూపాయలు మట్టిలో పోసినట్టు. ఆ విత్తనం చాలామంది ఇంట్లో ఉండదు కూడా. ఏటా జూన్‌లో సబ్సిడీ విత్తనం కోసం వరసల్లో నిలబడిన అనంతపురం రైతుల ఫొటోలు మనమంతా పత్రికల్లో చూశాం.

అనంతపురంలో ఏడాదికి సగటున పడే వాన 550 మిల్లీమీటర్లు. ఒకప్పుడు కొర్ర, జొన్న, ఆరిక, ఉలవ, కంది పండిన ఎర్ర నేలలు, కొన్ని దశాబ్దాల్లోనే దాదాపు పూర్తిగా వేరుశనగ కిందికి వెళ్లాయి. రైతు తెలివితక్కువవాడు కాబట్టి వెళ్లలేదు. నూనెగింజలకు ధర వచ్చింది, 1986లో కేంద్రం నూనెగింజల మిషన్ పెట్టింది, బ్యాంకు అప్పిచ్చింది, బీమా వచ్చింది, ప్రభుత్వమే విత్తనం పంచింది. పశువులకు కట్టె మేత మిగిలింది. మంచి ఏడు వచ్చినప్పుడు చేతిలో డబ్బాడింది. ఒక జిల్లా మొత్తం ఒకే పంట మీద, అదీ ఎకరానికి యాభై కిలోల పందెంతో కూర్చుంది. వాన సరిగా పడని ఏళ్లలో విత్తినంత కూడా తిరిగి రాని చేలు ఎన్నో.

పత్తిది ఇంకో దారి. బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. మొదటి ఏళ్లలో 450 గ్రాముల పొట్లం 1,850 రూపాయల దాకా అమ్మారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2006లో ఆ ధర మీద కేసు వేసి 750కి దింపించింది. ప్రభుత్వాలు తలుచుకుంటే పందెం తగ్గించగలవు అనడానికి ఇది సాక్ష్యం. దీన్ని గుర్తుంచుకోండి, చివర్లో అవసరపడుతుంది. 2025లో ఆ పొట్లం ధర 901 రూపాయలు. ఎకరానికి రెండు పొట్లాలు. హైబ్రిడ్ కాబట్టి ఇంట్లో దాచుకోవడం కుదరదు. విత్తాక పదిహేను రోజులు వాన మొహం చాటేస్తే మళ్లీ కొనాలి, మళ్లీ విత్తాలి. రెండోసారి కొనేది చాలాసార్లు వ్యాపారి దగ్గర ఉద్దెరకే, అదీ పండిన పత్తి తన దుకాణానికే తేవాలన్న అతని షరతు మీద.

ఇక్కడ డీఏపీ, యూరియా, మందులు చేరిస్తే లెక్క ఎటు పోతుందో మీకే తెలుసు. వీటికోసం తెచ్చిన అప్పుకు నూటికి రెండు రూపాయలో, మూడు రూపాయలో నెల వడ్డీ. కౌలు రైతైతే కౌలు కూడా ముందే కట్టాలి. అదే చేలో, అదే వానకు, అతని పందెం పట్టాదారు పందెం కన్నా ఎంతో ఎక్కువ.

3

ఇప్పుడు జహీరాబాద్ చెలకల్లోకి వెళ్దాం. ఇక్కడ కొంచెం సేపు నిలబడాలి, ఎందుకంటే నా వాదమంతా ఈ చేలోనే ఉంది.

సతీష్ గారి సొసైటీతో కలిసి నడిచే ఊరి మహిళా సంఘాల స్త్రీలలో చాలామందివి లావణి పట్టా భూములు. ఎవరికీ పనికిరాదని సర్కారు పేదలకు పంచిన నేలలు, రాయీ రప్పా ఉన్నవి, మట్టి లోతు లేనివి. అలాంటి ఒకటి రెండు ఎకరాల్లో వానాకాలం వాళ్లు విత్తేవి చూడండి. జొన్న సాళ్లు, మధ్యలో కంది సాలు. జొన్నలోనే కలిపి కొంత పెసర, కొంత బొబ్బర. ఒక పక్క సజ్జ, కొర్ర, సామ, తైద. గట్టెంబడి పుంటికూర, అక్కడక్కడా నువ్వులు, అనుములు. పది పన్నెండు రకాలు ఒకే చేలో. బయటినుంచి వచ్చినవాడికి కలగాపులగంగా కనిపిస్తుంది. వ్యవసాయ కళాశాలలో చదువుకున్న మిత్రుడొకరు నాతో కలిసి వచ్చి, ఇందులో ప్రధాన పంట ఏది అని అడిగారు. చేనుగల అక్క ఆయన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకేది గావాలె?" అంది.

ఆ పంటల గడువులు గమనించండి. పెసర రెండు నెలల చిల్లరలో వస్తుంది. కొర్ర, సజ్జ మూడు నెలల్లోపు. జొన్న నాలుగు నెలలకు అటూ ఇటూ. కంది ఆరు నెలలు దాకా నిలబడి సంక్రాంతికి ఇంటికొస్తుంది. వాన ఒకేసారి అన్నిటినీ దెబ్బతీయలేదు. ఆగస్టులో ఇరవై రోజులు చినుకు పడకపోతే పూతమీద ఉన్న పెసర పోతుంది, వేరు లోతుకు దింపిన కంది తట్టుకుంటుంది. సెప్టెంబరు చివర్లో ముసురు పట్టి కొర్ర వాలిపోతే, ఆ తేమకే కంది పుంజుకుంటుంది. మొత్తం పండిన ఏడు ఉండదు, మొత్తం పోయిన ఏడూ ఉండదు. పత్తి చేను సంగతి ఇలా కాదు. 2020 అక్టోబరు వానలకు తీతకొచ్చిన పత్తి చేలమీదే తడిసి నల్లబడినప్పుడు, ఆ చేలో రెండో ఆశ ఏదీ లేదు.

పని కూడా పంటల్లాగే విడతలుగా వస్తుంది. ఒక్కసారి ముప్పైమంది కూలీలు అక్కర్లేదు. ఇంట్లో ఇద్దరు, బదులుకు వచ్చే పక్కింటి ఇద్దరు సరిపోతారు. బదులు పనికి డబ్బు అక్కర్లేదు కాబట్టి పందెంలోంచి అదీ తగ్గింది. జొన్న చొప్ప ఎద్దులకు, ఎద్దుల పెంట చేనుకు. కంది రాల్చిన ఆకు నేలకు, కంది కట్టె పొయ్యికి. బజారు నుంచి తెచ్చేదేమిటని వెతికితే పెద్దగా కనబడదు.

కలుపు సంగతి కూడా చెప్పాలి. పత్తి చేలో కలుపు అంటే మందు కొట్టి చంపవలసింది. ఈ చేలలో అందులో సగం కూర. దొగ్గలి, చెంచలి, తుమ్మి, ఇట్లా ఎవరూ విత్తకుండా మొలిచే ఆకులు దాదాపు ఎనభై రకాలున్నాయని సంఘాల వాళ్లు పేర్లతో సహా లెక్క రాశారు. శ్రావణంలో ఇంట్లో పప్పు అడుగంటినప్పుడు చాలా ఇళ్లలో రొట్టెలోకి కూర అదే. గడ్డిమందు ఒక్కసారి కొడితే ఆ కూర పోతుంది. ఏ గణాంకంలోనూ ఆ నష్టం ఎక్కదు.

యాసంగిలో నల్లరేగడి చేలది మరో ముచ్చట. నీటి తడి లేకుండా, వాన లేకుండా, నేలలో మిగిలిన తేమకు, రాత్రి మంచుకు పండే జొన్న, శనగ, కుసుమ, అవిసె. వీటిని అక్కడి స్త్రీలు సత్యం పంటలు అంటారు. ఈ పంటలకు పందెం దాదాపు సున్నా. విత్తనం ఇంటిది, నీళ్లు నేలవి, పని తమది.

రెండెకరాల్లో ఇంటికి ఏం వస్తుందన్న ప్రశ్న న్యాయమైనదే. ఐదుగురున్న ఇంటికి నెలకు అరవై కిలోల గింజలు అనుకుంటే ఏడాదికి ఏడు క్వింటాళ్లు. మెట్ట ఎకరంలో ఇట్లా కలిపి విత్తితే మూడు నాలుగు క్వింటాళ్ల జొన్న, దానిమీద కొంత కంది, పెసర, కొర్ర మామూలు ఏడు వస్తాయి. అంటే రెండెకరాలు ఇంటి తిండికి దగ్గర దగ్గరగా సరిపోతాయి. కారు కొనుక్కోలేరు. ఆకలి కోసం అప్పు చెయ్యనక్కర్లేదు. మెట్ట ప్రాంతంలో అప్పుల మొదలు చాలాసార్లు తిండి దగ్గర, మందుల దగ్గర ఉంటుందని తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం అనిపించదు.

4

ఒక ఇల్లు ఒంటరిగా ఈ సేద్యం చేయలేదు. ఇది చాలామంది సేంద్రియ ప్రచారకులు దాటవేసే సంగతి.

ఆ ఇంటి జొన్న విత్తనం ఒక ఏడు పురుగుపట్టి పోయిందనుకోండి. బజారులో ఆ రకం దొరకదు. పక్కూళ్లో ఎవరో ఒకరి గుమ్మిలో ఉండాలి. జహీరాబాద్ సంఘాలు చేసింది ఇదే. బూడిద కలిపి, వేపాకు వేసి, పేడతో అలికిన బుట్టల్లో స్త్రీలు దాచిన రకాలను ఊరి విత్తన నిధులుగా కూర్చారు. అప్పుగా తీసుకున్న విత్తనాన్ని పంటయ్యాక ఎక్కువ చేసి తిరిగిస్తారు. వడ్డీ కూడా విత్తనమే. ఏటా సంక్రాంతి నాడు మొదలై నెల రోజులు ఊరూరా ఎడ్లబండ్ల మీద తిరిగే పాత పంటల జాతర మీరు చూసే ఉంటారు. దాన్ని పండగలాగా ఫొటోలు తీసుకుంటాం. ఏ ఊళ్లో ఏ రకం మిగిలిందో, ఏది తగ్గిపోతున్నదో ఆ ప్రాంతానికంతటికీ తెలిసిపోయేది కూడా ఆ జాతరలోనే.

రెండోది, గింజల నిధి. దీనికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టింది. ఎందరి ఆకలినో తీర్చిన పథకం అది, అందులో నాకు సందేహం లేదు. కానీ జొన్న తినే ప్రాంతానికి నీటి కింద పండిన బియ్యం అంత చౌకగా వచ్చి పడితే, రాళ్ల నేలలో జొన్న పండించడం ఎందుకు? చెలకలు పడావు పడ్డాయి. పడావు పడితే పని పోయింది, చొప్ప పోయింది, ఎద్దులు పోయాయి.

1990ల మధ్యలో సంఘాలు దీనికొక తిరుగుదారి వేశాయి. పడావు చెలక ఉన్న చిన్న రైతుకు దున్నకానికి, పెంటకు, విత్తనానికి విడతలుగా అప్పు. తీర్చేది డబ్బుతో కాదు, కొన్నేళ్లపాటు జొన్నలతో. ఆ జొన్నలు ఊళ్లోనే నిల్వ. గింజ కరువయ్యే ఆషాఢ శ్రావణాల్లో పేద ఇళ్లకు బజారు కన్నా తక్కువ ధరకు పంపిణీ. ఎవరు ఎంత పేద అన్నది మండలాఫీసు తేల్చలేదు, ఊరివాళ్లే కూర్చుని ఇల్లిల్లూ లెక్కవేసి తేల్చారు. ముప్పై పైచిలుకు ఊళ్లలో, సుమారు 2,500 ఎకరాల పడావు నేల మళ్లీ సాగులోకి వచ్చింది. దీనికి కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖ డబ్బు సాయం ఉంది. ఇది నేను కావాలనే చెబుతున్నాను. ప్రజలే అంతా చేసుకున్నారు, సర్కారుకు ఇందులో పనిలేదు అనే కథ అందంగా ఉంటుంది గానీ నిజం కాదు.

2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు జహీరాబాద్‌లో వీధులు ఊడ్చేవాళ్లకు, కాపలా కాసే పోలీసులకు ఈ స్త్రీలే తమ గింజలతో అంబలి కాచి పోశారు. దుకాణాలు మూసినా వాళ్ల ఇళ్లలో గింజ ఉంది.

5

ఇక అభ్యంతరాలు. ప్రేమ వల్ల వీటిని తక్కువ చేస్తే సతీష్ గారికి గౌరవం కాదు.

ఈ సేద్యం ఆడవాళ్ల నడుము మీద నిలబడింది. కలుపు వాళ్లదే, కోత వాళ్లదే, విత్తనం దాచడం వాళ్లదే. కొర్ర, సామ పొట్టు తీయడం దంచే పని. ఊళ్లో పిండి మర ఉంటుంది, వడ్ల మిల్లు ఉంటుంది, చిరుధాన్యాల పొట్టు తీసే చిన్న యంత్రం చాలా ఊళ్లలో ఉండదు. కొర్ర అన్నం మానేసిన ఇంటిని అడిగితే రుచి గురించి చెప్పరు, దంచలేక మానేశామంటారు. వాళ్ల కూతుళ్లు ఈ చాకిరీ వద్దనడంలో తప్పేముంది?

డబ్బు సంగతీ అంతే. తిండి దొరికినా ఫీజు కట్టాలి, ఆసుపత్రికి పోవాలి. అందుకే జహీరాబాద్ చుట్టుపక్కల నీళ్లున్న చోట చెరకు, అల్లం, ఆలుగడ్డ ఉన్నాయి, వానమీద ఆధారపడ్డ చోట పత్తి కూడా చేరింది. కందీ పెసరా అమ్మి నాలుగు రూపాయలు చూసుకున్నా, పందెం తక్కువ అన్న మాట ఒక్కటే చెప్పి యువకుణ్ణి చేలో నిలబెట్టలేం.

మూడోది నన్ను ఎక్కువగా కలవరపెట్టేది. చిరుధాన్యాలకు ఇప్పుడు గిరాకీ వచ్చింది. 2018ని దేశం, 2023ని ప్రపంచం చిరుధాన్యాల ఏడుగా చేసుకున్నాయి. కేంద్ర బడ్జెట్‌లో శ్రీ అన్న అని పేరూ పెట్టారు. హైదరాబాద్ అపార్టుమెంట్లలో కొర్రలు, అండుకొర్రలు షుగరు మందులాగా అమ్ముడుపోతున్నాయి. సంతోషించాల్సిందే. కానీ ఆ గిరాకీ పొలానికి ఏ రూపంలో వస్తోంది? ఫలానా కొర్ర ఇన్ని టన్నులు ఒకే రంగు, ఒకే సైజు కావాలని వ్యాపారి అడుగుతాడు. రైతు పదెకరాలు కొర్రే వేస్తాడు, విత్తనం కొంటాడు, ధర పడిపోయిన ఏడు దెబ్బతింటాడు. పంట పేరు మారింది, పందెం తీరు పత్తిదే. ఒంటి పంటగా వేసిన కొర్ర కూడా ఒంటి పంటే. పోషకాల పట్టికలు చూపించి మురిసిపోయే మిత్రులు ఈ సంగతి గమనించాలి.

నాలుగోది, నేలే మిగలకపోవడం. ఝరాసంగం, న్యాల్‌కల్ మండలాల్లో పన్నెండు వేల ఎకరాలకు పైగా భూమిని పారిశ్రామిక మండలి కోసం గుర్తించారు. లావణి పట్టా భూమికి పరిహారం దగ్గర ఎప్పుడూ పట్టా భూమితో సమానంగా మర్యాద దక్కదని ఈ వరసలో కూర్చున్నవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

6

చివరగా, సర్కారు. అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, త్వరగా ముగిస్తాను.

మన వ్యవసాయ విధానాలను పందెం కోణం నుంచి చూస్తే చాలావరకు దాన్ని పెంచేవే. బ్యాంకులు పంటను బట్టి ఎకరానికి ఎంత అప్పివ్వాలో ఏటా నిర్ణయిస్తారు. పత్తికి ఎక్కువ, జొన్నకు తక్కువ. ఎంత ఖర్చు పెడితే అంత అప్పు. తక్కువ ఖర్చుతో పండించే స్త్రీ బ్యాంకు దృష్టిలో తక్కువ రైతు. పంటల బీమా నోటిఫై చేసిన పంటకే వర్తిస్తుంది, పది పంటలు కలిసిన చేను దానికి అర్థం కాదు. ఆ బీమా నుంచి కూడా తెలంగాణ 2020లో బయటికి వచ్చింది. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల్లో జొన్న, సజ్జ, రాగి ఉన్నాయి. కొర్ర, సామ లేవు, ఉలవ లేదు. 2013 ఆహార భద్రత చట్టం కిలో రూపాయికి ముతక ధాన్యాలు ఇవ్వవచ్చని రాసింది. మన రేషన్ షాపులో మాత్రం దాదాపుగా బియ్యమే.

2020 వానాకాలంలో తెలంగాణ ప్రభుత్వం నియంత్రిత సాగు అని ఒకటి తెచ్చింది. పత్తి పెంచండి, మక్క వేయకండి అని ఊరూరికీ చెప్పారు. ఆ అక్టోబరు వానల సంగతి ఇంతకుముందే చెప్పాను. డిసెంబరుకల్లా ఆ విధానాన్ని ప్రభుత్వమే వదులుకుంది.

న్యాయంగా మాట్లాడాలంటే ఎకరానికి ఇంత అని విత్తే ముందు డబ్బు ఇచ్చే రైతుబంధు, ఇప్పటి రైతు భరోసా పందెం తగ్గించేవే. ఏ పంట వేశావని అడగకుండా ఇస్తాయి కాబట్టి. కానీ రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాకే వెళ్లింది. అందరికన్నా పెద్ద పందెం పెట్టే కౌలు రైతు చేతికి అది అందలేదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి నడుస్తున్న ప్రకృతి సేద్య కార్యక్రమం అనంతపురం నేలల్లో వానకు ముందే, ఏప్రిల్ మే నెలల్లో, విత్తనాలకు మట్టి, పేడ పట్టించి అనేక రకాలు కలిపి చల్లిస్తోంది. ఒంటి వేరుశనగ మీద కూర్చున్న జిల్లాలో ఇది చిన్న మార్పు కాదు. 2024లో ఆ కార్యక్రమానికి పోర్చుగల్‌కు చెందిన గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. బహుమతుల కన్నా, రాబోయే కరువులో ఆ చేలు ఎంత నిలబడతాయన్నది చూడాలి. పొరుగున ఒడిశా 2017లో చిరుధాన్యాల మిషన్ మొదలుపెట్టి, గిరిజన ప్రాంతాల రాగులను మద్దతు ధరకు కొని, రేషన్లో పంచింది, అంగన్వాడీ పిల్లలకు రాగి లడ్డూలు పెట్టింది. ఇది మనకు చేతకాదని ఎవరూ అనలేరు. పత్తి పొట్లాన్ని 1,850 నుంచి 750కి దింపించిన పాలనా యంత్రాంగం ఈ గడ్డమీదదే.

వ్యవసాయ శాఖ మిత్రులు ఇక్కడ ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. రాష్ట్రమంతా వద్దు. ఒక్క మండలం తీసుకోండి. పది పంటలున్న చేనును మీ పుస్తకంలో పది పంటలుగానే రాయండి. ఆ మండలంలోని అంగన్వాడీలకు, సంక్షేమ హాస్టళ్లకు కావలసిన జొన్న, కంది, కొర్ర ఆ మండలం మహిళా సంఘాల నుంచే, ఏ ధరకు కొంటారో విత్తే ముందే చెప్పి, కొనండి. ఊరికొక పొట్టు తీసే మర పెట్టండి, దాని తాళం సంఘానికి ఇవ్వండి. పంట పోయిన ఏడు ఎవరు పండించారో చూసి సాయం చెయ్యండి, పట్టా ఎవరిదని చూడకండి. ఇందులో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్న బడ్జెట్లు చాలు. మృగశిరకు ముందు మొదలుపెడితే వచ్చే సంక్రాంతికి ఆ మండలం లెక్కలు ఈ అక్కలే తీసి చూపిస్తారు. కెమెరా వాళ్ల దగ్గరే ఉంది.